నియమం తప్పిన చోటే ప్రేమకథ: జానపద ఫాంటసీ రాస్తున్న యువ రచయితల ప్రశ్నలకు జవాబులు

నాగులు, గంధర్వులు, యక్షిణులు, పుట్టలు, శాపాలు. ఈసారి ఉత్తరాల్లో ఎక్కువ భాగం వీటి చుట్టూనే తిరిగాయి. ఇంటర్, డిగ్రీ చదివే వయసువాళ్ల కోసం మన జానపదం మీద ప్రేమకథ అల్లుతున్నవాళ్లు రాసిన ఉత్తరాలివి. ఒకే రకం ప్రశ్నలను కలిపేసి జవాబు ఇస్తున్నాం.

*

ప్రశ్న: ఆరు అధ్యాయాలు రాశాను. సిరి అనే అమ్మాయి అడవిలోని ఒక రహస్య విద్యాలయంలో చేరుతుంది. అక్కడ నాగులు, గంధర్వులు, యక్షులు, విద్యాధరులు నాలుగు జట్లుగా ఉంటారు. నాగ యువరాజు మొదట ఆమెను ద్వేషిస్తాడు, తర్వాత ప్రేమిస్తాడు. చదివిన స్నేహితులంతా ‘పేర్లు మారిస్తే ఇది ఇంగ్లిష్ నవలే’ అంటున్నారు. ఎక్కడ దిద్దుకోవాలి?
— డిగ్రీ విద్యార్థిని, రాజమహేంద్రవరం

జవాబు: మీ స్నేహితులు సరిగ్గానే పట్టుకున్నారు. అయితే లోపం పేర్లలో లేదు, కథ నడిచే ఇరుసులో ఉంది. మీ కథలో నాగుడికి శక్తి ఉంది, సిరికి ధైర్యం ఉంది, ఇద్దరి మధ్యా పోటీ ఉంది. మన కథల్లో మనిషికీ మనిషి కానివాళ్లకీ మధ్య ముడి పడేది శక్తి వల్ల కాదు. ఒక నియమం వల్ల.

పురూరవుడు, ఊర్వశి కథ చూడండి. ఋగ్వేదం పదో మండలం 95వ సూక్తంలో వాళ్ల సంభాషణ ఉంది, శతపథ బ్రాహ్మణంలో కథంతా ఉంది. ఆయన నగ్నంగా తన కంట పడకూడదన్నది ఊర్వశి పెట్టిన షరతు. ఆమె బిడ్డల్లా పెంచుకునే రెండు పొట్టేళ్లు మంచానికి కట్టి ఉంటాయి. ఆమెను వెనక్కి రప్పించుకోవాలని గంధర్వులు రాత్రివేళ ఒక పొట్టేలును ఎత్తుకుపోతారు. తర్వాత రెండోదాన్నీ పట్టుకుపోతారు. ‘ఇక్కడ మగవాడే లేనట్టు నా బిడ్డను తీసుకుపోతున్నారే’ అని ఊర్వశి ఏడుస్తుంది. బట్ట చుట్టుకునే వ్యవధి కూడా లేదనుకుని పురూరవుడు అలాగే దూకుతాడు. గంధర్వులు మెరుపు మెరిపిస్తారు. ఆమె చూస్తుంది. ఆమె ఇక అక్కడ ఉండదు.

ఇందులో నేర్చుకోవలసింది ఒకటుంది. ఆయన నియమం తప్పింది కామంతోనో అహంకారంతోనో కాదు. ఆమె ఏడుపు విని, ఆమె కోసమే లేచాడు. ప్రేమే నియమాన్ని కాపాడుతూ వచ్చింది, చివరికి ప్రేమే దాన్ని తప్పించింది. శంతనుడు, గంగల కథలోనూ ఇదే బిగువు. ఏం చేసినా అడగకూడదన్నది షరతు. ఏడుగురు బిడ్డలు నీళ్లపాలయ్యేదాకా నోరు మూసుకున్న తండ్రి ఎనిమిదో బిడ్డ దగ్గర నోరు తెరిచాడు. అడగకపోతే తండ్రి కాడు, అడిగితే భర్తగా మిగలడు.

కాబట్టి విద్యాలయాన్ని పక్కన పెట్టి ఒక కాగితం మీద మూడు వాక్యాలు రాయండి. సిరికీ నాగుడికీ మధ్య ఉన్న నియమం ఏమిటి? దాన్ని ఎవరు, ఏ మంచి కారణంతో తప్పుతారు? తప్పాక ఇద్దరిలో ఎవరికి ఏం మిగులుతుంది? రెండో వాక్యంలో ‘దుర్మార్గుడి మోసం వల్ల’ అని రాయాల్సి వస్తే ఆ నియమం పనికిరాదు, మార్చండి. మోసం పరిస్థితిని కల్పించవచ్చు. తప్పే చేయి మాత్రం ప్రేమించినవాళ్లదే కావాలి.

నాగుల కథకు నియమం కోసం ఎక్కడో వెతకక్కర్లేదు. నాగుల చవితినాడు పుట్ట దగ్గర పెద్దవాళ్లు చెప్పించే మాట గుర్తు తెచ్చుకోండి: ‘నడుం తొక్కితే నావాళ్లనుకో, పడగ తొక్కితే పగవాళ్లనుకోకు, తోక తొక్కితే తొలగిపో.’ ఇది అచ్చంగా ఒప్పందపత్రం. మూడు షరతులున్నాయి, మూడూ మనిషివైపు నుంచి అడిగినవే. బదులుగా పాము ఏం అడిగింది? ఆ మాట ఏ ప్రార్థనలోనూ లేదు. మీ నవల ఆ ఖాళీలో ఉంది. పుట్ట తవ్వకూడదని అడిగిందా? పుట్ట ఉన్న పొలం అమ్మకూడదని అడిగిందా? సిరి ఇంటివాళ్లు ఏ తరంలో మాట ఇచ్చారు, ఇప్పుడు ఏ అవసరానికి తప్పబోతున్నారు?

కాలం లెక్క కూడా ఇక్కడే దొరుకుతుంది. ఆంధ్ర ప్రాంతంలో ఎక్కువగా కార్తీక శుద్ధ చవితినాడు పుట్టకు వెళ్తారు. తెలంగాణలో చాలామంది శ్రావణ శుద్ధ పంచమినాడు చేసుకుంటారు. రెండింటికీ మధ్య మూడు చాంద్రమాసాలకు ఒక్క తిథి తక్కువ. సిరి అమ్మగారి ఊరు ఒక ప్రాంతంలో, నాన్నగారి ఊరు ఇంకో ప్రాంతంలో పెడితే వానలు పడుతుండగా పంచమినాడు ఇచ్చిన మాట వానలు వెనకబట్టాక చవితినాడు తేలాలి. నవలకు అంతకంటే మంచి గడువు దొరకదు.

మరి వాళ్లు కలుసుకునేది ఎక్కడ? చెరువుగట్టు, వాడకం తప్పిన బావి, జాతర, పొలం గట్టు మీది పుట్ట, ఇంటర్ కాలేజీ బస్సు ఆగే చింతచెట్టు. తెలుగు పాఠకుడికి ఈ చోట్ల వాసన కూడా తెలుసు. విద్యాలయాన్ని కట్టాలంటే మీకు యాభై పేజీలు పడతాయి, చింతచెట్టుకు ఒక్క వాక్యం చాలు.

*

ప్రశ్న: నాగుడు పాము నుంచి మనిషిగా మారే ఘట్టం ఎన్నిసార్లు రాసినా సినిమా గ్రాఫిక్స్‌లా వస్తోంది. మెరుపు, పొగ, బంగారు కాంతి లేకుండా ఎలా రాయాలి?
— నిజామాబాద్ నుంచి ఒక పాఠకుడు

జవాబు: పాము నిజంగానే ఒంటిని మార్చుకుంటుంది కదా! కుబుసం విడిచే తీరు తెలుసుకుంటే మెరుపుతో పనిలేదు.

విడవడానికి కొన్ని రోజుల ముందు చర్మం కళ తప్పుతుంది. పాత పొరకీ కొత్త పొరకీ నడుమ ద్రవం చేరి, కళ్ల మీద నీలం కలిసిన పాలరంగు కమ్ముతుంది. అప్పుడు దానికి చూపు సరిగా ఆనదు. మూల చూసుకుని దాక్కుంటుంది, కదిలిస్తే చిరాకు పడుతుంది. తర్వాత కళ్లు మళ్లీ తేటపడతాయి. ఆ తర్వాత కొద్ది రోజులకు మూతిని రాయికో వేరుకో రాస్తుంది. పొర పెదవుల దగ్గర చిట్లి, దిండు గలీబు తిరగేసి లాగినట్టు లోపలివైపు బయటికి వచ్చేలా తోకదాకా ఊడుతుంది. పాముకు రెప్పలుండవు. కంటిమీద కప్పుగా ఉండే పారదర్శకమైన పొలుసు కూడా కుబుసంతోపాటే వచ్చేస్తుంది. దొరికిన కుబుసాన్ని వెలుగుకు పట్టి చూస్తే కళ్లున్నచోట రెండు చిన్న గాజుబిళ్లల్లా కనపడతాయి. గాలి మరీ పొడిగా ఉన్నా, ఒంట్లో నీరు తగ్గినా కుబుసం ముక్కలుముక్కలుగా తెగి, కొంత కళ్లమీదే ఉండిపోతుంది.

ఇప్పుడు మీ ఘట్టం చూడండి. వానలు లేని ఏడు. నాగుడి కళ్లమీద పాలపొర కమ్మింది, ఊడటం లేదు. పగ పట్టినవాళ్లు వెతుకుతున్నారు, తనకేమో చూపు లేదు. సిరి తడిగుడ్డ తెచ్చి కూర్చుంటుంది. తాను చూడలేని మనిషి చేతికి అతను తల అప్పగించాలి. రెండు పేజీల ప్రేమ సంభాషణ కన్నా ఆ తడిగుడ్డ ఎక్కువ చెబుతుంది.

ఇంకా కొన్ని ఉపయోగపడతాయి. పాముకు బయటి చెవులు లేవు, నేల అదురును బాగా పసిగడుతుంది. కాబట్టి అతను సిరిని గుర్తుపట్టేది గొంతుతో కాదు, మడమ మోపే బరువుతో. మనిషి రూపంలో ఉన్నా రెప్ప వేయడం మరిచిపోతాడు. సిరికి మొదటి అనుమానం అక్కడే రావాలి. పాలు పాము ఆహారం కాదు. పుట్టలో పాలు పోయించుకుని మురిసిపోయే నాగుణ్ని రాయకండి. పోసిన పాలు చూసి ఇబ్బందిపడి, పోసినవాళ్ల ప్రేమను కాదనలేక ఊరుకునే నాగుణ్ని రాయండి. ‘చీమలు పెట్టిన పుట్టలు పాముల కిరవైన యట్లు’ అని సుమతీ శతకం చెప్పినట్టు పుట్ట కట్టింది పాము కాదు. పద్యం చీమలన్నా, నిజానికి అది చెదల కష్టం. మీ యువరాజు ఎంత గొప్పవాడైనా ఒకరి ఇంట్లో ఉంటున్నవాడే. ఈ సంగతి సిరి నోట ఒకసారి అనిపిస్తే అతని రాజసం అంతా నేలమీదికి దిగుతుంది.

అన్నిటికన్నా పదునైన పనిముట్టు మన వ్యాకరణం. తెలుగులో ఏకవచనంలో స్త్రీకీ జంతువుకీ వస్తువుకీ క్రియ ఒకటే: వచ్చింది, చూసింది, తాగింది. మగవాడికే వేరు: వచ్చాడు, చూశాడు. అంటే మగ నాగుడు మనిషి అయ్యే క్షణాన్ని క్రియ చివరి అక్షరమే చూపించగలదు. ఇలా:

‘పుట్ట పక్కన ఏదో కదిలింది. బండకేసి మూతి రాసుకుంది. మళ్లీ రాసుకుంది. పెదవి దగ్గర పొర చిట్లింది. మెడ దాటింది, నడుం దాటింది. కంటి మీది బిళ్ల ఊడి రాగానే తల ఎత్తి, సిరి వైపు చూశాడు.’

ఇందులో ‘మారాడు’ అన్న మాటే లేదు. ఆ ‘శాడు’ దగ్గర పాఠకుడి ఒళ్లు జలదరిస్తుంది. దాన్ని వివరిస్తూ మరో వాక్యం రాస్తే చెడిపోతుంది, అక్కడే పేరా ఆపండి.

మీ కథలో రూపం మార్చేది అమ్మాయి అయితే ఇదే వ్యాకరణం ఆమెను దాచిపెడుతుంది. ‘గట్టు మీదికి వచ్చింది, నీళ్ల వైపు చూసింది, ఎండకు కాసేపు ఉండి వెళ్లిపోయింది.’ పామా, పిల్లా? ఎన్ని పేజీలైనా తేలనివ్వకుండా నడపవచ్చు. కర్తను ఎక్కువసార్లు వదిలేయాలి. ‘ఆమె’ అని ఒక్కసారి జారినా గుట్టు రట్టవుతుంది. గౌరవంగా ‘వచ్చారు’ అని రాసినా అంతే. అచ్చుకు పంపేముందు ఆ అధ్యాయాల్లో ‘ఆమె’, ‘తను’, ‘అమ్మాయి’ అన్న మాటలు వెతికి ఒక్కొక్కటీ చూసుకోండి.

*

ప్రశ్న: నా గంధర్వుడికి వెయ్యేళ్లు, అమ్మాయి ఇంటర్ రెండో ఏడు. అతను గ్రాంథికంలో మాట్లాడితే నాటకంలా ఉంది, మామూలుగా మాట్లాడితే గంధర్వుడిలా లేడు. ఇద్దరూ ఒకరినొకరు ఏమని పిలుచుకోవాలి? వయసు తేడా కూడా ఇబ్బంది పెడుతోంది.
— నల్గొండ నుంచి ఒక పాఠకురాలు

జవాబు: ముందు వయసు సంగతి. అమ్మాయికి 18 నిండనివ్వండి. 2012 నాటి పోక్సో చట్టం 18 లోపువాళ్లను పిల్లలుగానే చూస్తుంది, ఏ ప్రచురణకర్తయినా మొదట అడిగేది ఇదే. డిగ్రీ మొదటి ఏడాదికి మార్చితే కథకు వచ్చే నష్టమేమీ లేదు. గంధర్వుడి వెయ్యేళ్ల విషయంలో అసలు చిక్కు అంకె కాదు, అనుభవం. అంత లోకం చూసినవాడు ఆ పిల్లను మాటల్లో గెలవడం చాలా తేలిక. అందుకని అతనికి ఏదో ఒకటి బొత్తిగా తెలియకుండా చేయండి. వెయ్యేళ్లు శాపంవల్ల రాతిలో గడిపినవాడైతే అతను చూసిన మనుషుల లోకం చాలా కొద్ది. లేదా గంధర్వులకు చావు లేదు కాబట్టి చనిపోయినవారికోసం ఏడవడం తెలియదు. ఆ అమ్మాయికి తెలుసు. ఆమె నేర్పేవైపు ఉండే చోటు కథలో ఒక్కటైనా బలంగా ఉండాలి.

ఇక మాట. ‘ఓ మానవకాంతా’ పూర్తిగా మానేయండి. గంధర్వుడి తెలుగు ఈనాటిదే అయినా అందులో ఇంగ్లిష్ మాట ఒక్కటీ రాకుండా చూడండి, వాక్యం పొట్టిగా ఉంచండి. అతను వేరే లోకంవాడని చెప్పడానికి అది సరిపోతుంది. బస్సు, ఫోను అనాల్సి వస్తే ఆగిపోయి చెయ్యి చూపిస్తాడు.

పిలుపు దగ్గర తెలుగుకు ఉన్న సంపద వాడుకోండి. మీ అమ్మాయి నల్గొండ పిల్ల. అక్కడ పెద్దవాళ్లను కూడా ఆప్యాయంగా ‘నువ్వు’ అనడం ఉంది. గోదావరి వైపు పిల్లయితే ‘మీరు’, ‘అండీ’ లేకుండా కొత్త మనిషితో మాట కలపదు. గంధర్వుడు నేర్చుకున్న తెలుగు ఏ సీమదో ముందే నిర్ణయించుకుంటే, ఆమె మొదటిరోజే ‘నువ్వు’ అనడం అతనికి చనువుగా తోచి తడబడవచ్చు. తిరగేసి రాస్తే ఇంకా బాగుంటుంది. పది అధ్యాయాలు ‘మీరు’ అన్న అమ్మాయి కోపంలో ‘నువ్వు’ అనేస్తుంది. ఇద్దరూ దాన్ని వింటారు, ఎవరూ దిద్దరు. తెలుగు ప్రేమకథలో మొదటి ముద్దు కంటే పెద్ద సంఘటన అది. అయితే ఒక్కసారే జరగాలి. రచయిత అజాగ్రత్తగా నాలుగో అధ్యాయంలోనే రెండుచోట్ల ‘నువ్వు’ రాసేస్తే పదో అధ్యాయం చప్పగా పోతుంది.

*

ప్రశ్న: చెరువులో స్నానం చేసే దేవకన్య చీర దాచి పెళ్లి చేసుకునే పాత కథను ఇప్పటి పిల్లలకు రాయొచ్చా?

జవాబు: రాయొచ్చు, దొంగతనాన్ని దొంగతనమని ఒప్పుకుంటే. చీర దాచినవాడు నాయకుడు కాకూడదు, లేదా తిరిగి ఇచ్చేసిన రోజునుంచే ప్రేమకథ మొదలవ్వాలి. చీర చేతికి వచ్చి, ఎగిరిపోయే దారి తెరిచి ఉండి, ఆమె ఆగిపోతేనే అది ప్రేమ. ఎందుకు ఆగిందన్న కారణం బలంగా దొరకకపోతే ఈ కథ ఎత్తుకోవద్దు.

*

ప్రశ్న: నా నాయికకు యక్షిణి మంత్రం దొరుకుతుంది. పదో అధ్యాయానికల్లా ఆమె చేయలేనిదేదీ లేదు. ఉత్కంఠ పోయింది. మంత్రశక్తికి హద్దులు ఎలా పెట్టాలి?
— ఒక ఇంజనీరింగ్ విద్యార్థి, కర్నూలు

జవాబు: శక్తిని తగ్గించవద్దు. దానికి రెండువైపులా పదును పెట్టండి. బేతాళుడి కథల చట్రం ఇందుకు చక్కటి నమూనా. విక్రమార్కుడు శవాన్ని భుజాన వేసుకుని మాట్లాడకుండా నడవాలి. బేతాళుడు కథ చెప్పి ప్రశ్న అడుగుతాడు. తెలిసి చెప్పకపోతే తల పగులుతుంది. చెబితే మౌనం చెడి శవం మళ్లీ చెట్టెక్కుతుంది. రాజు తెలివే రాజుకు ఆటంకం. చివరి ప్రశ్నకు జవాబు తెలియక ఊరుకున్నప్పుడే ఆ వలయం తెగుతుంది. మీ నాయిక మంత్రం కూడా ఆమెలోని మంచి గుణానికే ఎదురు తిరగాలి. నిజం చెప్పే పిల్లయితే అబద్ధమాడినప్పుడే పనిచేసే మంత్రం ఇవ్వండి.

బాలనాగమ్మ కథ ఇంకోరకం. మాయల ఫకీరు ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలకలో ఉంటుంది. ఆమె దగ్గర మంత్రం లేదు. వ్రతంలో ఉన్నానని గడువు అడిగి వాణ్ని దూరంగా ఆపుతుంది. అంతటి మంత్రగాడూ వ్రతాన్ని దాటి రాలేకపోయాడు. మన కథల్లో మంత్రం కన్నా మాట పెద్దది. ఆ తారతమ్యం మీ లోకంలోనూ ఉంచితే మంత్రం ఎంత పెరిగినా కథ అదుపు తప్పదు.

ఒక పద్ధతి చెబుతాం. మంత్రం వాడిన ప్రతిచోటా పక్కన అంచులో ‘ఏం పోయింది’ అని రాసుకోండి. మూడుసార్లు వరసగా ఆ గడి ఖాళీగా ఉంటే అక్కడ కథ నీరుగారినట్టే. పోయేది ప్రాణమో రక్తమో కానక్కర్లేదు. ఒక పాట మరిచిపోవడం, అమ్మ గొంతు గుర్తుకు రాకపోవడం లాంటివి ఈ వయసు పాఠకులకు ఎక్కువ గుచ్చుకుంటాయి.

*

ప్రశ్న: మా నాయనమ్మ చెప్పిన కథను, పాత పత్రికలో చదివిన ఒక కథను, ఒగ్గు కథ కళాకారుల దగ్గర రికార్డు చేసుకున్న ఘట్టాన్ని కలిపి నవల రాస్తున్నాను. హక్కుల సమస్య వస్తుందా?
— ఒక ఉపాధ్యాయుడు, జనగామ

జవాబు: మూడూ మూడు రకాలు. నాయనమ్మ చెప్పిన నోటి కథ ఎముకలగూడు ఎవరి సొత్తూ కాదు. ప్రాణాన్ని వేరేచోట దాచుకున్న రాక్షసుడి కథనే తీసుకోండి. ఇది ప్రపంచమంతటా ఎంతగా పాకి ఉందంటే పరిశోధకులు వాడే ఆర్నే, థాంప్సన్, ఊథర్ల కథల సూచిలో దీనికి 302 అని సొంత సంఖ్యే ఉంది.

పత్రికలో అచ్చయిన కథ వేరు. 1957 నాటి మన కాపీరైటు చట్టం ప్రకారం రచయిత జీవితకాలం, ఆపై 60 ఏళ్లు హక్కు ఉంటుంది. ఆ 60 ఏళ్లను మరణించిన మరుసటి సంవత్సరం మొదలునుంచి లెక్కపెడతారు. అంటే 1960లో పోయిన రచయిత రచనకు 2020 డిసెంబరు 31 దాకా రక్షణ ఉంది. రచయిత పేరు లేకుండా వచ్చినదానికి అచ్చయిన ఏడాదినుంచి లెక్క. బొమ్మ వేసిన చిత్రకారుడి హక్కు విడిగా ఉంటుంది. కథలోని ఆలోచనకు రక్షణ లేదు గాని, చెప్పిన తీరుకు ఉంది: వాక్యాలు, సంభాషణలు, ఆ రచయిత కల్పించిన పాత్రలు, మలుపులు. సంస్కృత కథాసరిత్సాగరం 11వ శతాబ్దంలో సోమదేవుడు రాసినది, ఎవరైనా వాడుకోవచ్చు. ఈమధ్య వచ్చిన తెలుగు అనువాదంలోని వాక్యాలు మాత్రం అనువాదకుడివి.

రికార్డు చేసిన ఘట్టం దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. ప్రదర్శించిన కళాకారుడికి ఆ ప్రదర్శనమీద 50 ఏళ్ల హక్కు ఉంది. నవలలో పాటలు యథాతథంగా వాడితే అనుమతి రాయించుకోండి, పుస్తకంలో బృందం పేరు వేయండి, ముందే మాట్లాడుకుని పారితోషికం ఇవ్వండి. చట్టం అడిగినా అడగకపోయినా ఇది ఇవ్వవలసిన బాకీ.

ఆచరణలో ఇలా చేయండి. ఒకే కథను కనీసం మూడుచోట్ల వినండి లేదా చదవండి. మూడింటిలోనూ ఉన్నదాన్ని పది పంక్తుల్లో రాసుకోండి. పుస్తకాలు మూసేసి, ఆ పది పంక్తులు మాత్రమే ఎదురుగా పెట్టుకుని మొదలుపెట్టండి. ఒక్కచోటే కనిపించిన మలుపు ఎంత అందంగా ఉన్నా అది ఆ రచయితది అయి ఉండే అవకాశమే ఎక్కువ.

*

ప్రశ్న: మా వైపు కొలిచే వనదేవతను నాయికగా పెట్టి ప్రేమకథ రాయవచ్చా?
— ములుగు జిల్లా పాఠకురాలు

జవాబు: వద్దు. సమ్మక్క, సారలమ్మలు కోయవారి ఇలవేల్పులు. రెండేళ్లకోసారి మేడారంలో లక్షలమంది మొక్కు చెల్లించుకునే తల్లులు. కాటమరాజు యాదవుల వీరుడు. ఇలాంటివాళ్ల కథలు ఈనాటికీ కొలుపులో ఉన్నాయి, వాటికి కాపలాదారులు ఉన్నారు. కల్పిత దేవతను, కల్పిత ఊరిని పెట్టుకోండి. మీకు నిజంగా కావలసింది అమ్మవారు కాదు, జాతర వాతావరణం: కుంకుమ, పసుపు, గద్దె దగ్గర తోపులాట, బెల్లం వాసన, డోలు దెబ్బ. దానికెవరూ అడ్డు చెప్పరు. పేరంటాళ్ల కథలు, అంటే సహగమనం చేసి పూజలందుకునే స్త్రీల కథలు, వాడదలిస్తే మంటలో దూకడాన్ని ప్రేమకు కొలమానంగా మాత్రం చూపించకండి.

*

ప్రశ్న: మా అమ్మాయి ఇక్కడ పుట్టి పెరిగింది. ఇంగ్లిష్‌లో నాగుల చవితి నేపథ్యంగా ఒక ప్రేమకథ రాస్తోంది. చలిమిడి, చిమ్మిలి లాంటి మాటలకు అడుగున అర్థాలు ఇవ్వాలా?
— న్యూజెర్సీ నుంచి ఒక తల్లి

జవాబు: అర్థం ఇస్తే అది పదకోశం అవుతుంది. చేతులతో చేయిస్తే కథ అవుతుంది. ఒకసారి మీ అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని చేయించండి. బియ్యం రాత్రంతా నానబెట్టి, వడగట్టి, గుడ్డమీద కాసేపు ఆరబెట్టి, తడి ఉండగానే పిండి పట్టాలి. రెండు గ్లాసుల తడిపిండికి సుమారు గ్లాసు బెల్లం తురుము. నీళ్లు పోయకుండానే బెల్లం చెమ్మతో ముద్ద కడుతుంది. దుకాణంలో కొన్న పొడిపిండి వాడితే ఎంత పిసికినా ఇసుకలా రాలిపోతుంది. ఆ దేశంలో పెరిగిన నాయిక మొదటిసారి సరిగ్గా ఈ పొరపాటే చేయవచ్చు. చిమ్మిలికి నువ్వులు, వాటికి కాస్త తక్కువగా బెల్లం. రోట్లో నూనె ఊరేదాకా దంచి ఉండ కట్టాలి. అరచేతికి అంటిన ఆ నువ్వుల నూనె వాసనతో నాగుడు ఆమెను వెతుక్కుంటూ వస్తే చిమ్మిలి అంటే ఏమిటో ఏ పాఠకుడూ అడగడు.

*

ప్రశ్న: నవల ఎంత పొడవుండాలి?

జవాబు: తెలుగులో 40 వేల నుంచి 55 వేల మాటలు చాలు. మన విభక్తులన్నీ మాటకే అతుక్కుంటాయి కాబట్టి ఇంగ్లిష్‌లో 80 వేల మాటలయ్యే కథ తెలుగులో బాగా తక్కువ మాటల్లో ఇముడుతుంది. ఆ అంకె చూసి సాగదీయకండి. వారపత్రిక సీరియల్ అయితే భాగానికి 1200 నుంచి 1500 మాటలు. నియమాన్ని మూడో భాగంలోపు పాఠకుడికి చెప్పేయాలి, సగం దాటాక తప్పించాలి.

*

ప్రశ్న: శాపవిమోచనం అయితే నా నాయకుడు తన లోకానికి వెళ్లిపోవాలి. వెళ్లకపోతే శాపానికి అర్థం లేదు. వెళ్తే ప్రేమకథ విషాదం అవుతుంది. సుఖాంతం చేయడానికి దారి ఉందా?
— ఒక యువ రచయిత్రి, విశాఖపట్నం

జవాబు: మన శాపాలన్నిటికీ విమోచనం అనే తలుపు ముందే ఉంటుంది. అయితే ఆ తలుపు ఇంటివైపే తెరుచుకుంటుంది. కథాసరిత్సాగరం మొదట్లో శాపం పొందిన పుష్పదంతుడు కథ చెప్పగానే విముక్తుడై తన చోటికి వెళ్తాడు. ఎవరో ఒకరు ఎడబాటు మోయాల్సిందే. ‘చివరి నిమిషంలో దేవుడు కరుణించాడు’ అని రాస్తే అప్పటిదాకా మీరు కట్టిన నియమమంతా కూలిపోతుంది.

దారి ఉంది గాని దానికి పని చేయాలి. మొదటి జవాబులో చెప్పిన పురూరవుడి దగ్గరికే మళ్లీ వెళ్లండి. శతపథ బ్రాహ్మణంలో ఆ కథ ఎడబాటుతో ముగియదు. గంధర్వులు వరమిస్తే ‘మీలో ఒకణ్ని కావాలి’ అని కోరుకుంటాడు. వాళ్లు ఒక కుండలో నిప్పు ఇస్తారు. దాన్ని అడవిలో పెట్టి, కొడుకును తీసుకుని ఊళ్లోకి వెళ్లి వచ్చేసరికి నిప్పు మాయమవుతుంది. నిప్పు రావిచెట్టయింది, కుండ జమ్మిచెట్టయింది. చేతికి వచ్చింది పోయింది. అప్పుడు గంధర్వులు చెప్పినట్టు రావి చెక్కతోనే పై అరణి (రాపిడితో నిప్పు పుట్టించే చెక్క), రావి చెక్కతోనే కింది అరణి చేసి, మథించి, పోయిన నిప్పును తన చేతులతో పుట్టిస్తాడు. ఆ అగ్నిలో హోమం చేసి గంధర్వుడవుతాడు.

అంటే లోకం దాటింది శాపం ఉన్నవాళ్లు కాదు, మిగిలిపోయిన మనిషి. మీ నాయకుణ్ని వెళ్లనివ్వండి. నాయిక చేతికి ఒకటి ఇచ్చి, ఆమె పొరపాటువల్లే అది పోగొట్టండి. ఆపైన ఆమెకు వచ్చిన పనితోనే, ఆమె మగ్గం నేసే ఇంటి పిల్లయితే మగ్గంతో, కుండలు చేసే ఇంటి పిల్లయితే సారెతో, దాన్ని మళ్లీ పుట్టించనివ్వండి. ఆ పని ఏమిటో రెండో అధ్యాయంలోనే ఆమె చేతుల్లో కనపడి ఉండాలి. చివరి మూడు అధ్యాయాలూ దానికే ఇవ్వండి. ఎన్నిసార్లు తెగింది, ఎన్నిసార్లు పగిలింది, అరచెయ్యి ఎక్కడ కాయకట్టింది, అన్నీ రాయండి.